ఎర్ర లైటు లేని డబ్బా

3 అక్టోబర్ 1976, ఆదివారం

ఈ వారం కూడా మా చర్చి అయ్యగారి ప్రసంగం మూడో బల్ల దాటలేదు. వెనక బల్లల మీద మిల్లు వాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి హాయిగా నిద్రపోయారు. పాపం, అయ్యగారి తప్పేం లేదు, వయసు మీద పడి గొంతు పోయింది. దొరసానమ్మ తన దేశం వెళ్లిపోతూ గుడికి ఇచ్చిపోయిన మైకు మంచిదే. కానీ అది ఇచ్చే శబ్దం చీమ తుమ్మినంత. మా ఆంప్లిఫయరుకు అది ఆనదు. రెండింటి మధ్య ఇంకో డబ్బా కావాలి. చిన్న చప్పుడును పట్టుకుని, పెంచి, ఆంప్లిఫయరుకు అందించే డబ్బా. దాన్ని ప్రీఆంప్ అంటారు.

ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు హైదరాబాదు నుంచి తెప్పిద్దామా వద్దా అని గుంజాటన పడుతుంటే నేను లేచి "నేను చేస్త" అన్నాను. అనేశాను. అందరూ నా వైపు తిరిగారు. ఆ తిరగడం నాకెంత బాగుందో ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకోను?

ఇంటికొచ్చే దారిలో సువార్తమ్మ "మీకు చేతనైతదా?" అంది. మిల్లులో ఇన్నేళ్లుగా మోటార్లు బాగుచేసేవాడిని పెళ్లాం అడిగే మాటా అది? అన్నం తినేదాకా నేను మాట్లాడలేదు.

9 అక్టోబర్, శనివారం

మామగారి పాత రేడియో విప్పాను. చచ్చిపోయిన రేడియోనే, సువార్తమ్మ సరేనంది, అయినా నేను వెనక అట్ట తీస్తుంటే వంటింట్లోకి వెళ్లిపోయింది. వాల్వులు బాగున్నాయి. అందులో ఒకటి నాకు సరిగ్గా కావలసినదే.

మిల్లులో నా పక్కన పనిచేసే రాజమల్లు వచ్చి చూసి నవ్వాడు. "ఇంకా ఈ గాజు గొట్టాలేందే సుందరం? ట్రాన్సిస్టర్లు వచ్చె గద, బటన్ నొక్కంగనే మాట్లాడ్తయి." వీడికేం తెలుసు. వాల్వు వేడెక్కాలి, సన్నగా ఎర్రబడాలి, అప్పుడు గానీ నోరు తెరవదు. తెరిచిందంటే మాత్రం మనిషి మన పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. ఎంత చెప్పినా వాడు నవ్వుతూనే ఉన్నాడు. గాడిద.

16 అక్టోబర్, శనివారం

మిల్లులో పడేసిన అల్యూమినియం రేకు తెచ్చి డబ్బా వంచాను. వంకర పోయింది. మళ్లీ వంచాను.

సాయంత్రం మార్తమ్మక్క హోటల్లో ఛాయ్. నా రోజు అక్కడే తెల్లవారుతుంది, అక్కడే పొద్దుగూకుతుంది. ఖమ్మం రోడ్డు మీద వర్ధన్నపేట బస్సులు ఆగే చోట తడికెల పాక, రోడ్డు వైపు ఒక బల్ల, లోపల పొయ్యి దగ్గర ప్రకాశం బావ. పూర్తి పేరు జ్ఞానప్రకాశం. మార్తమ్మను నేను అక్కా అంటాను గనక ఆయన నాకు బావ అయ్యాడు. నేను గ్లాసు పక్కన కాగితం పరిచి బొమ్మ గీసి చెప్తుంటే ఆయన ఒక్కడే శ్రద్ధగా వింటాడు. "అంటే బామ్మర్దీ, గుసగుస వెట్టినా రోడ్డు మీదికి ఇనవస్తదా?" అన్నాడు. "చీమ నడిచినా ఇనవస్తది బావా" అన్నాను.

ఆయన ఎల్లుండి నెక్కొండకు పోతాడట, అత్తను చూడటానికి. నెల నెలా పోతాడు. అత్త మీద ఇంత ప్రేమ ఉన్న అల్లుడిని ఎక్కడా చూడలేదని ఏడిపించాను. బస్సు డ్రైవర్లు పడి పడి నవ్వారు. మార్తమ్మక్క నవ్వలేదు. ఛాయ్ వడగట్టుకుంటూ ఉండిపోయింది.

24 అక్టోబర్, ఆదివారం

హమ్. ఎటు కదిపినా హమ్. గూఁ అని, తేనెటీగల పట్టు ఇంట్లో పెట్టుకున్నట్టు. సువార్తమ్మ చెవుల్లో దూది పెట్టుకుని బియ్యం ఏరుతోంది. నన్ను వెక్కిరించడానికే.

27 అక్టోబర్, బుధవారం

షాక్ కొట్టింది. స్విచ్చి ఆపినా కండెన్సరులో కరెంటు నిలిచే ఉంటుందని ప్రపంచానికంతా చెప్పేవాడిని నేనే. వేలు కాలింది. ఎవరికీ చెప్పలేదు.

31 అక్టోబర్, ఆదివారం

దొరికింది! హమ్ ఎక్కడిదో దొరికింది. డబ్బా ముందు వైపు ముచ్చటగా ఒక చిన్న ఎర్ర లైటు పెట్టాను, డబ్బా నడుస్తోందని గుర్తుకు. దానికి తీసుకెళ్లిన వైరే హమ్‌ను మోసుకొస్తోంది. లైటు పీకేశాను. అబ్బ, ఎంత నిశ్శబ్దం!

అయ్యగారు చూడటానికి వచ్చారు. లైటు ఉండాల్సిన రంధ్రంలో వేలు పెట్టి "ఇదేంది సుందరం, ఖాళీ?" అన్నారు. చెప్పాను. "మరి ఇది నడుస్తాందా ఆగిందా మాకెట్ల తెలుస్తది?"

"నాకు తెలుస్తది గద అయ్యగారూ. నేనుంట గద."

"లైటు ఉంటే మంచిగుండు నాయనా."

వీళ్లకు శబ్దం అక్కర్లేదు, దీపాలు కావాలి.

14 నవంబర్, ఆదివారం

అయిపోయింది. ముందు గదిలో మైకు పెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చున్నాను. వంటింట్లో సువార్తమ్మ గాజుల చప్పుడు. తర్వాత ఆమె నిట్టూర్పు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నిట్టూర్పు నేను వినడం అదే మొదటిసారి అనుకుంటా. ఆమెను పిలిచి చెబితే "గట్లనా" అని మళ్లీ పనిలో పడింది.

ఒక్కటే కిరికిరి. లోపల ఎక్కడో ఒక సోల్డరు అతుకు పచ్చిగా ఉన్నట్టుంది. ఒక్కోసారి డబ్బా మూగబోతుంది. కాసేపు వేడెక్కాక దానంతట అదే కలుసుకుని మాట్లాడుతుంది. అన్నీ విప్పి ఆ అతుకు వెతకాలంటే మళ్లీ ఒక ఆదివారం పోతుంది. గుడిలో కోతల పండుగకు వారమే ఉంది. పండుగ అయ్యాక చూద్దాం.

20 నవంబర్, శనివారం

గుడిలో డబ్బా బిగించాను. చిన్న గొడవ జరిగింది. రాసి పెట్టుకుంటాను, రేపు ఎవరైనా ఏమైనా అంటే నా వైపు నుంచి స్పష్టంగా ఉండాలి.

మధ్యాహ్నం ఆడవాళ్లు పండుగకు గుడి ఊడ్చి, మక్క కంకులు, జొన్న కంకులు కట్టి వెళ్లారు. నేను పక్క గదిలో డబ్బా పెట్టి, ఆంప్లిఫయరు కలిపి, గుడి పైన రోడ్డు వైపున్న లౌడ్‌స్పీకరు హారను కలిపి, స్విచ్చి వేశాను. వాల్వు వేడెక్కింది. మాట లేదు. ఆ పచ్చి అతుకు మళ్లీ మొండికేసింది. వాల్యూం మొత్తం తిప్పాను. లేదు. డబ్బాను కొట్టాను. లేదు. ఒళ్లు మండిపోయి, సోల్డరింగు కడ్డీ తెచ్చుకుందామని తలుపు దగ్గరకు లాగి బయటకు వచ్చాను. స్విచ్చి ఆపలేదు. ఎందుకు ఆపాలి? అది మూగది. ఆపితే వాల్వు చల్లారి మళ్లీ మొదటికొస్తుంది.

గేటు దగ్గర సైకిలు తీస్తుంటే హారను మాట్లాడింది. లోపల బలిపీఠం ముందు, మైకు కిందనే, మార్తమ్మక్క మోకరించి ఉందట. ఆమె ఉండిపోయిందని నాకు తెలియదు. మన ఆడవాళ్లకు మనసులో అనుకునే ప్రార్థన చేతకాదు. పెదవి కదలాలి, మాట బయటికి రావాలి, అప్పుడే దేవుడికి చేరినట్టు. ఆమె గుసగుస రోడ్డంతా వినిపించింది. సొంత విషయం. బావ ఆరోగ్యం సంగతి.

వెంటనే పరుగెత్తి ఆపేశాను.

నా తప్పేం లేదు. కొత్త యంత్రం, ఎవరికైనా జరిగేదే.

21 నవంబర్, ఆదివారం

కోతల పండుగ. అయ్యగారి గొంతు చివరి బల్ల దాకా, గేటు దాకా, రోడ్డు దాకా! పొద్దున్నే లేచి అతుకు సరిచేశాను. డబ్బా ఒక్కసారి కూడా మొరాయించలేదు. సంఘ పెద్దలు నా మెడలో బంతిపూల దండ వేశారు. "నిన్ననే ఇన్నం సుందరం, ఎంత సాఫ్‌గ వచ్చింది! ఒక్క అక్షరం పోలేదు" అన్నాడొకాయన. అన్నాక, ఏదో గుర్తొచ్చి, ఆడవాళ్ల వైపు చూసి నోరు మూసుకున్నాడు.

మార్తమ్మక్క వాళ్లు రాలేదు.

22 నవంబర్, సోమవారం

పొద్దున హోటలుకు వెళ్లాను. వెళ్లలేదు. రోడ్డుకు ఈ పక్క నుంచి చూశాను. బల్ల ఖాళీగా ఉంది. వర్ధన్నపేట బస్సు ఆగింది, డ్రైవరు దిగాడు, రోడ్డు దాటి అవతల కొత్తగా పెట్టిన బండి దగ్గర ఛాయ్ తాగాడు. ప్రకాశం బావ పొయ్యి ముందు నిలబడి చూస్తున్నాడు. నేను సైకిలెక్కాను.

మిల్లులో రాజమల్లు. "ఇన్నవా? మీ ప్రకాశానికి పెద్దరోగమట. కుష్టు. పెండ్లాం నోటితోనే చెప్పిందట మైకుల! నెక్కొండ లేదు గిక్కొండ లేదు, నెల నెలా దవాఖానకు పోతాండట గోలీలకు. ఇన్ని దినాలు మనందరం ఆ చేతి ఛాయేనా తాగింది, థూ!" అని, అక్కడే నీళ్లు పుక్కిలించి ఉమ్మాడు.

నేనూ పక్కకు వెళ్లి నోరు కడుక్కున్నాను.

23 నవంబర్, మంగళవారం

మార్తమ్మక్క ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప బయటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"తమ్ముడూ, నేనే ఏదో ముట్టుకున్నట్టున్న. లేవంగ కాలు తాకిందో ఏమో నీ మైకుకు. నీ మిషినికి ఏం కాలేదు గద?"

నేను ఏమన్నాను?

"ఏం కాలేదక్కా" అన్నాను.

ఆమె ఇంకాసేపు నిలబడింది. నా మొహంలోకి చూసింది. "ఇంకేం లేదా తమ్ముడూ?" అంది.

"ఏం లేదు, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆమె వెళ్లింది. ఫికర్ చెయ్యకు! ఆ నోరు పడిపోతే బాగుండేది.

24 నవంబర్, బుధవారం

అంతా సర్దుకుంటుంది. జనానికి మతిమరుపు ఎక్కువ.

28 నవంబర్, ఆదివారం

అయ్యగారు ఆరాధన ముందు ప్రకటించారు: "మైకు కాడ సామానును ఆడోళ్లు, పిల్లలు ముట్టుకోవద్దు. పోయిన వారం తెల్వక ముట్టుకుంటే ఒక కుటుంబానికి చానా నష్టమైంది."

నేను పక్క గదిలో డబ్బా ముందు కూర్చుని ఉన్నాను. వాల్యూం సరిచేస్తున్నట్టు తల దించుకున్నాను. అది సరిగ్గానే ఉంది.

1 డిసెంబర్, బుధవారం

ఇప్పుడు మిల్లుకు వెనక దారిన, పత్తి గోదాముల పక్క నుంచి పోతున్నాను. దగ్గర దారి. దగ్గరేం కాదు.

పాలవాడు హోటలుకు పాలు మానేశాడట. పంపు దగ్గర వాళ్ల బిందెను పక్కకు జరిపారట. ఇవన్నీ సువార్తమ్మ అన్నం వడ్డిస్తూ చెప్తోంది. నన్ను చూడకుండా, అన్నం గిన్నెతో మాట్లాడుతున్నట్టు.

పరుగెత్తాను అని రాశాను. గబగబా నడిచానేమో. గడ్డిలో సైకిలు పడేసి పరుగెత్తడం కొంచెం కష్టం కదా.

4 డిసెంబర్, శనివారం

సువార్తమ్మ అడిగేసింది.

"ఆ దినం నేను చీపురు పట్టుకోని ఇంటికొస్తాన. హారన్ల అక్క ఏడుపు మొదలైనప్పుడు గుడి గోడ కాడ ఉన్న. మూల మలిగి మన గల్లీలకొచ్చిన, ఇంకా ఇనవడుతనే ఉన్నది. ఆమెన్ అనేదాక ఇన్న. మీరు గేటు కాడనే ఉంటిరి గద. ఏం చేస్తాన్రు అప్పటిదాక?"

అరిచాను. ఏమేం అన్నానో రాయను. వాళ్ల నాన్న రేడియో సంగతి కూడా తీసుకొచ్చాను, దానికీ దీనికీ ఏం సంబంధమో దేవుడికే తెలియాలి. ఆమె ఊరుకుని "నేనేమన్న? అడిగిన గంతే" అంది.

5 డిసెంబర్, ఆదివారం

గుడికి పోలేదు. జ్వరమని చెప్పాను.

నిలబడ్డాను.

గేటు దగ్గర సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాను. హారను నోరు తెరవగానే మొదట ఊపిరి వినిపించింది. ఊపిరి! తర్వాత కొంగు రాసుకున్న చప్పుడు. తర్వాత "ప్రభువా" అని, లోపల్లోపలే అన్న మాట. అది నా డబ్బా. నా రేకు, నా తీగలు, మామగారి వాల్వు. హమ్ లేదు, గరగర లేదు. ఎక్కడో లోపల మోకాళ్ల మీద ఉన్న మనిషి నా చెవి పక్కన ఉంది. ఎంత బాగుంది, ఎంత బాగుంది అనుకున్నాను. కళ్లు కూడా మూసుకున్నాను.

ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. ఏడుపు ఇంకా బాగా వినిపించింది.

"తండ్రీ, నెక్కొండకు పోయిండని అందరికి అబద్ధం చెప్పుకుంట వస్తాన" అంది. అప్పుడైనా పరుగెత్తి ఉండొచ్చు. "ఈపు మీది మచ్చలు మానిపోతానయి, ఇంకో ఆర్నెల్లు గోలీలు మింగితే చాలన్నది డాక్టరమ్మ, అప్పటిదాక ఎవలకు తెల్వనియ్యకు తండ్రీ, తెలిస్తె హోటలు మూతవడ్తది, పిల్లలు ఆగమైతరు" అంది. ఆ రోగం పేరు చివర్లో వచ్చింది. చిట్టచివర్లో, ఆమెన్‌కు ముందు. మొదటి మాటకే నేను కదిలి ఉంటే రోడ్డు మీద వాళ్లకు ఒక ఆడమనిషి ఏడుపు తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఆమె ఎవరికీ తెలియనివ్వకని ఎవరినైతే అడిగిందో ఆ దేవుడొక్కడే వినాల్సిన మాట, నేను ఖమ్మం రోడ్డంతా వినిపించాను. ఆమెన్ అయ్యాక నడిచి వెళ్లి ఆపాను. పరుగు కాదు. నడిచాను. అప్పటికి ఆమె పక్క తలుపు గుండా వెళ్లిపోయింది.

సిగ్గేస్తోంది. ఈ కాగితం ముందు కూడా సిగ్గేస్తోంది.

12 డిసెంబర్, ఆదివారం

సాక్ష్యాల సమయంలో లేచాను. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సమయం అది. నేను మైకు ముందుకు వెళ్లి చెప్పాను: ఆనాడు డబ్బా ఆపకుండా వెళ్లింది నేను, మార్తమ్మక్క దేన్నీ ముట్టుకోలేదు, తప్పంతా నాది. కన్నీళ్లు వచ్చాయి.

గుడంతా "ఆమెన్" అంది. బయట ఒక్కొక్కరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. "ఎంత తగ్గింపు మనసు, ఎంత తగ్గింపు" అన్నారు. అయ్యగారు నన్ను కౌగిలించుకున్నారు. కోతల పండుగ నాడు దండ వేసినప్పటి కంటే ఎక్కువ గౌరవం దక్కింది నాకు ఈ రోజు.

మార్తమ్మక్క ఆడవాళ్ల వైపు చివరి బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. ఆ బల్ల మీద ఇంకెవరూ లేరు. చేతులు పట్టుకున్న వాళ్లలో ఒక్కరు కూడా ఆ బల్ల దాకా పోలేదు. నేనూ పోలేదు.

నిలబడిన సంగతి చెప్పలేదు. ఇంకొకటి. సాక్ష్యానికి ముందు రోడ్డు వైపు హారను తీగ నేనే పీకాను. పండుగ కాదు కదా, రోడ్డు వాళ్లకెందుకని.

13 డిసెంబర్, సోమవారం

ఆమెకైనా చెప్పాలని వెళ్లాను. మధ్యాహ్నం షిఫ్టుకు ముందు, రోడ్డు మీద జనం లేని సమయం చూసుకుని. ఆమె ఒక్కతే ఉంది, గ్లాసులు తోముతోంది. తాగినవాళ్లు లేరు, అయినా తోముతోంది.

"అక్కా, ఇంకొక మాట ఉన్నది" అన్నాను.

"నిలవడ్డవు. గంతే గద?" అంది.

నేను తలెత్తి ఆమెను చూశాను.

"నా ఏడుపుల పడి అప్పటిదాక నాకేం ఇనవడలె. నేను లేవంగ కాలు మైకు కట్టెకు తాకింది తమ్ముడూ. టక్కుమన్నది. ఆ టక్కు బయటికెల్లి, పైకెల్లి వచ్చింది. నా గుండె పలిగింది. కిటికిలకెల్లి చూస్తి. నువ్వు గేటు కాడ ఉంటివి. కండ్లు మూసుకోని, తల గిట్ల పక్కకు వెట్టి. నవ్వుతాన్నవు."

"మరి ఇంటికొచ్చి... నువ్వే ముట్టుకున్నవని ఎందుకన్నవక్కా?"

"నువ్వు కాదంటవేమో అని." గ్లాసు బోర్లించింది. "నువ్వు నోరు తెరిసి 'నువ్వు గాదక్కా, నేను' అంటవేమో అని వచ్చిన. రెండు సార్లు అడిగిన. ఫికర్ చెయ్యకంటివి."

నన్ను కొట్టక్కా అన్నాను. నిజంగానే అన్నాను. ఆమెకు కోపం అప్పుడొచ్చింది.

"కొడితె నీకు సల్లగైతది. నాకేమొస్తది? నిన్న గుడిల ఏడిస్తివి, అందరు నీ చేతులు పట్టిరి. మా ఆయన చేతులు ఎవలు పట్టాలె? డాక్టరమ్మ చెప్పింది, గోలీలు పడ్డంక ఇంక అంటుకోదు, పిల్లలను ఎత్తుకోమన్నది. నేను మొత్తుకుంటె ఎవలింటరు? నువ్వు మిల్లుల మిషిన్లు చేసేటోనివి, నీ మాట నడుస్తది. మాట గూడ వద్దు. రోడ్డు మీది బల్ల మీద కూసోని, బస్సొచ్చే యాళ్లకు, అందరు చూడంగ ఛాయ్ తాగు. ఎప్పటి లెక్కనే. రోజు."

"తాగుతక్కా."

"ఇప్పుడు పొయ్యాల్నా?"

"డ్యూటీకి టైమైంది" అన్నాను.

షిఫ్టు మొదలవడానికి ఇంకా చాలా ఉంది. ఆమెకు తెలుసు. మిల్లు గేటు సైరను ఆమెకూ వినిపిస్తుంది కదా.

14 డిసెంబర్, మంగళవారం

పోలేదు.

15 డిసెంబర్, బుధవారం

పోలేదు. గోదాముల దారి.

డాక్టరమ్మ చెప్పింది నిజమే, నాకు తెలుసు. మిల్లులో గోడ మీద బొమ్మతో సహా కాగితం అంటించారు, చికిత్స తీసుకునే వాళ్లతో భయం లేదని. దాన్ని రాజమల్లుకు చదివి వినిపించింది నేనే. వాడు "నువ్వు పోయి తాగరాదు మరి" అన్నాడు. నేను నవ్వేశాను. సిగ్గు వల్ల హోటలుకు పోవడం లేదనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. భయం వల్ల పోవడం లేదు. వాళ్లందరి లాగే. సిగ్గు అనేది నేను పైన కప్పుకున్న దుప్పటి.

17 డిసెంబర్, శుక్రవారం

సువార్తమ్మకు అంతా చెప్పాను. నిలబడిన సంగతి, ఛాయ్ సంగతి. ఆమె ఆశ్చర్యపోలేదు. "రేపు పోతరా పోరా? మీరు పోకుంటె నేను పోత. ఆడదాన్ని బల్ల మీద కూసోని తాగుతె జర ఎక్కువనే చూస్తరు" అంది.

18 డిసెంబర్, శనివారం

పోయాను.

పొద్దున బస్సు వచ్చే వేళ. బల్ల తడిగుడ్డతో తుడిచి ఉంది, రోజూ తుడుస్తున్నట్టుంది. కూర్చున్నాను. రోడ్డు అవతల బండి దగ్గర రాజమల్లు, డ్రైవరు, ఇంకా కొందరు. అందరూ ఇటే చూస్తున్నారు. మార్తమ్మక్క తేలేదు, ప్రకాశం బావే తెచ్చాడు గ్లాసు. ఆయన నన్ను చూసి నెల కావస్తోంది. చిక్కిపోయాడు. "ఏం బామ్మర్దీ, దారి తప్పినవా?" అన్నాడు. నవ్వుతూనే.

గ్లాసు అందుకున్నాను. నోటి దగ్గరకు తెచ్చాను. నా బొటనవేలు లేచి గ్లాసు అంచును తుడిచింది.

నేను తుడవలేదు. వేలే తుడిచింది. కానీ వేలు నాది.

బావ చూశాడు. ఆయన మొహంలో ఏదో ఆరిపోయింది. అయినా మరుక్షణం ఆయనే అన్నాడు, అవతల వాళ్లకు వినపడేంత గట్టిగా: "మంచిగ తుడువు బామ్మర్దీ, పొద్దున బూడిద లేసింది, అంటిందేమో."

నన్ను కాపాడాడు. నేను ఎవరి మీద రోడ్డంతా మన్ను పోశానో ఆయన నా ఒక్క వేలి తప్పును కప్పాడు. ఛాయ్ తాగాను. రుచి ఏమీ తెలియలేదు. అవతల ఎవరో "తుడిచి తాగుతాండురో" అన్నారు.

19 డిసెంబర్, ఆదివారం

హారను తీగ మళ్లీ కలిపాను. ఆరాధన మొదలవకముందే, రోడ్డు మీద సంతకు పోయే జనం ఉన్నప్పుడు, మైకు ముందు నిలబడి మళ్లీ చెప్పాను. ఈసారి అంతా. నిలబడి విన్నానని, బాగుందని విన్నానని. కన్నీళ్లు రాలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. బయట ఎవరూ చేతులు పట్టలేదు. ఒకావిడ తన బిడ్డను నా దారిలోంచి పక్కకు లాక్కుంది.

అయ్యగారు మాత్రం "క్రిస్మసుకు డబ్బా నువ్వే చూసుకోవాలె" అన్నారు.

24 డిసెంబర్, శుక్రవారం

ఎర్ర లైటు మళ్లీ పెట్టాను. అనుకున్నట్టే హమ్ వచ్చింది. వైరు ఎటు మళ్లించినా పోవడం లేదు. సన్నగా గూఁ అంటోంది, పాటల వెనక, ప్రసంగం వెనక.

అయ్యగారు చూసి "ఇగో, ఇప్పుడు మంచిగున్నది. దూరంకెల్లి కనవడ్తాంది" అన్నారు. "హమ్ వస్తాంది అయ్యగారూ" అన్నాను. "రానియ్యి" అన్నారు.

ఉండనీ.

27 డిసెంబర్, సోమవారం

రోజూ పోతున్నాను. అవతల బండి దగ్గర జనం తగ్గలేదు. ఇవతల బల్ల మీద నేను, నిన్నటి నుంచి సువార్తమ్మ. ఆమె ఒక్క గుక్కలో తాగేసి, ఇంకోటి అడిగి, అక్కతో ముచ్చట్లు పెట్టుకుంటుంది. ఆమెకు భయం లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు కనపడనే లేదు.

ఈ రోజు బస్సు ఆగింది. డ్రైవరు దిగి, రోడ్డు మధ్యలో నిలబడి, ఇటూ అటూ చూసి, అటే పోయాడు. కానీ మధ్యలో నిలబడ్డాడు.

గ్లాసు తెచ్చింది ప్రకాశం బావే. రెండు చేతులతో అందుకున్నాను. పది వేళ్లూ గ్లాసు చుట్టూ బిగించి పట్టుకున్నాను, ఏ వేలికీ వేరే పని లేకుండా. గ్లాసు కాలుతోంది, అయినా వదల్లేదు.

మార్తమ్మక్క పొయ్యి దగ్గర నుంచి చూసింది. "ఏంది తమ్ముడూ, గంత గట్టిగ పట్టినవు? చలివెడ్తాందా?"

అవునక్కా, చలి, అందామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది.

"చలి గాదక్కా," అన్నాను. "భయం."

బావ నావైపు తిరిగాడు. సువార్తమ్మ మాట మధ్యలో ఆపింది. అక్క మసిగుడ్డ భుజాన వేసుకుని వచ్చి, బల్ల మీద నా ఎదురుగా కూర్చుంది.

"నాకు గూడ భయమైంది, మొదట్ల" అంది. "తాగు. చల్లారుతాంది."

తాగాను.